తెల్ల మొలకలు

ఇంకా నలభై అయిదు నిమిషాలు, అంతవరకూ గ్లౌజులు విప్పక్కర్లేదు, విప్పితే ఫోను తీయక తప్పదు, తీస్తే చూడక తప్పదు, చూస్తే చెప్పక తప్పదు, అందుకని గురునాథరావు సీసా మూత ఇంకోసారి బిగించి, వాచీ వంక చూసి, తొమ్మిదీ నలభై అని మేడమ్‌కి కేకేసి, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. సీసాలో నూనె, నూనెలో మందు, మందులో పొద్దున్నే మొక్కల నెత్తిన పూసిన జల్లులు దులిపి పట్టిన మొక్కజొన్న పుప్పొడి. నీళ్లలో పడితే పుప్పొడి పగిలి చస్తుంది, నూనెలో అయితే బతికుండి మందు తాగుతుంది. మూడు నిమిషాలకోసారి కుదపాలి, లేకపోతే అడుక్కి దిగి ముద్దకడుతుంది. టైమయ్యాక చిన్న బ్రష్షుతో తీసి, నిన్న సాయంత్రం కొసలు కత్తిరించి కాగితం సంచులు తొడిగిన కండెల పీచుకి పూయాలి. తొందరపడితే మందు పట్టదు, ఆలస్యమైతే పుప్పొడి చచ్చి ఊరుకుంటుంది. పదహారేళ్లుగా చేస్తున్న పని, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి, అదే వచ్చిన చిక్కు, చేతులకి పని దొరికితే బుర్ర ఊరి మీద పడుతుంది.

ఇందాక రెండో గ్లౌజు లాక్కుంటూండగా చొక్కా జేబులో ఫోను టింగుమంది. ఎవరన్నది చూడక్కర్లేదు. నిన్న సాయంత్రం స్టీల్ ప్లాంట్ డ్యూటీ దిగి ఆ బట్టలతోనే కంచరపాలెం ఇంటికొచ్చాడు అల్లుడు సాయిశంకర్, సొంత అక్క కొడుకు, గుమ్మంలోనే నిలబడి, కాఫీ కూడా వద్దని, చెప్పవలసింది చెప్పి పోయాడు. "మావయ్యా, రిపోర్టు రేపు తొమ్మిదిన్నరకి వొస్తాదంట. అది విప్పి సూడదట. నన్నూ సూడొద్దంది. నీకే పంపుతాదట. నువ్వు సూసి, నువ్వే సెప్పాలంట." అది అంటే హిమబిందు, గురునాథరావు ఒక్కగానొక్క కూతురు, పద్నాలుగు నెలలుగా తండ్రితో మాట్లాడని కూతురు. రెండు వీధుల అవతలే ఇల్లు. రోజూ ఆరున్నరకి ఆనందపురం బస్సు కోసం ఆ ఇంటి ముందు నుంచే నడుస్తాడు, ముగ్గు వేస్తున్న పిల్ల చటుక్కున లేచి లోపలికి పోతుంది, సగం ముగ్గు వాకిట్లో మిగిలిపోతుంది, సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ సగం ముగ్గే ఉంటుంది. అలాంటి పిల్ల ఇవాళ తనకే పంపింది. శిక్షకి పంపిందో, నమ్మకానికి పంపిందో, రాత్రంతా ఆలోచించినా అంతు చిక్కలేదు. జేబులో ఫోను గుండెకాయ మీద బరువుగా ఉంది, నాలుగు పేజీల కాగితం బొమ్మ ఇంత బరువుంటుందా, ఉంటుంది, ఎందుకుండదు. అందులో చూడాల్సింది ఒక్కటే అంకె, హిమబిందు కడుపులో బిడ్డకి మంచి జన్యువులు ఎన్ని వచ్చాయన్నది. రెండు ఉంటే బిడ్డకి ఏ గొడవా లేదు. ఒకటి ఉంటే తల్లిలాగా, తండ్రిలాగా, తాతలాగా, లోపల పాడైనదొకటి మోసుకుంటూ హాయిగా బతికేస్తుంది. సున్నా ఉంటే ఇది కూడా పోయిన చంటిలా అవుతుంది. కుదిపాడు. మెల్లగా, నురగ రాకుండా, పైకీ కిందికీ.

వచ్చిన కొత్తలో, మొదటేడు, ఎంత పని చేశాడు. కుసుమకుమారి మేడమ్ పరిశోధన కోసం అప్పుడే ఈ పొలానికి వచ్చారు, మడి నిండా వరసలు, ఒక్కో వరసకి ఒక్కో కండె గింజలు నాటించారు, తను వ్యవసాయం ఇంట్లో పుట్టినవాడు, విత్తనం మొలిచిన వారానికి మడిలో దిగి చేవలేని మొక్క పీకేయడం అన్నప్రాశన నాడే నేర్చుకున్నవాడు, అందుకని ఎవరూ చెప్పకుండానే దిగాడు. కొన్ని వరసల్లో మొలకలు తెల్లగా ఉన్నాయి, ఆకుపచ్చన్న మాటే లేదు, పాలలో ముంచి తీసినట్టున్నాయి. ఇవేం మొక్కలు, వీటికి నీళ్లు దండగ అని ఒక్కటి మిగలకుండా పీకి గట్టు మీద కుప్ప పోసి, మేడమ్ వచ్చాక మెప్పు కోసం చూపించాడు కూడాను. ఆవిడ ఆ కుప్ప దగ్గర చతికిలబడిపోయారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గురునాథరావుగారూ, మనం ఇన్ని ఎకరాలు వేసిందీ వీటి కోసమేనండీ అన్నారు.

అప్పుడు చెప్పారు, గట్టు మీదే కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. మొక్కలో వేలకి వేలు పనులు జరుగుతుంటాయి, ఒక్కో పనికి ఒక్కో జన్యువు, ఏది ఏ పని చేస్తుందో పైనించి చూస్తే తెలియదు, అందుకని మందుతో గుడ్డిగా ఒక్కోచోట పాడుచేస్తాం, ఏది పాడైతే ఏది రాలేదో చూసి, ఓహో ఈ పని దీనిదా అని కనిపెడతాం. ఆ మాట ఇంట్లో చెబితే, అప్పటికింకా ఐటీఐ చదువుతున్న సాయిశంకర్ పకపకా నవ్వి, పేర్లు రాయని బోర్డులో ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి ఏ గదిలో లైటు ఆరిందో చూడడమన్నమాట మావయ్యా అన్నాడు. సరిగ్గా అదే. మర్నాడు మేడమ్‌కి చెబితే ఆవిడ ఎంత మురిసిపోయారో, ఆ పోలిక చాలా ఏళ్లు వచ్చిన పిల్లలందరికీ చెప్పారు, మా గురునాథరావుగారి మేనల్లుడు అన్నాడని. అప్పుడు తనకి ఎంత గర్వం. వీడే నా అల్లుడు అని అప్పుడే మనసులో రాసేసుకున్నాడు. ఏమో, అసలు అక్కడే మొదలైందేమో అంతా. కుదుపు.

ఇంకో మాట కూడా చెప్పారు మేడమ్, దాన్ని విన్నాడు, అర్థం చేసుకున్నాడు, పదహారేళ్లు చేత్తో చేశాడు, అయినా ఒంటికి పట్టించుకోలేదు. మందు పూసిన పుప్పొడితో పుట్టిన మొక్క చూడడానికి బంగారంలా ఉంటుంది. నిటారుగా, పచ్చగా, కండె నిండుగా. ఎందుకంటే పాడైంది ఒక వైపుదే, రెండో వైపు నుంచి వచ్చింది మంచిది, అదొక్కటీ ఇల్లు నడిపించేస్తుంది. ఆ మొక్క జల్లు పొడి ఆ మొక్క పీచుకే వేసి, ఆ గింజలు నాటితే అప్పుడు బయటపడుతుంది దాక్కున్నది, నాలుగింట ఒకటి చొప్పున. నలభై మొలకల్లో పది, పదకొండు. రెండో ఏడు నుంచి ఆ లెక్క పెట్టే పని తనదే. తెల్లవి పీకకుండా వేలితో తాకుతూ లెక్కపెట్టేవాడు, రోజూ నీళ్లు పోసేవాడు, దండగని తెలుసు, గింజలో తల్లి పెట్టిన తిండి ఉన్నన్నాళ్లే అవి నిలబడతాయి, పది రోజులు, మహా అయితే పన్నెండు, తర్వాత వాడి నేలకంటుకుపోతాయి. పక్క మడి కన్నబాబు ఎగతాళి చేసేవాడు, చచ్చేదానికి సేవలేటి గురన్నా అని. ఏమో, పీకలేకపోయేవాడు. పీకడానికొచ్చిన చెయ్యే, ఒకసారి వీటి కోసమేనండీ అన్న మాట విన్నాక వెనక్కి పోయింది.

హైవే మీద లారీలు పోర్టు వైపు పోతున్నాయి, మంచు ఇంకా విడలేదు, మొక్కజొన్న ఆకుల అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి, అవతల వరసలో మేడమ్ సంచుల మీద నంబర్లు రాసుకుంటున్నారు. ఆవిడకి తెలుసు ఇవాళ రిపోర్టు అని. సెలవు పెట్టమన్నారు, నేనే కానిస్తానన్నారు. వద్దన్నాడు. ఇంట్లో కూర్చుంటే ఏం చేస్తాడు, నారాయణమ్మ ముఖం చూస్తూ కూర్చోవాలి, కూతురు మాట్లాడని పాపం తనదైతే ఆ శిక్ష పంచుకుంటున్నది భార్య, ఒక్కరోజు మాట అనలేదు ఆవిడ, అదొక శిక్ష. తొమ్మిదీ యాభై అయిదు. కుదిపాడు. ఇంకా అరగంట, హమ్మయ్య. హమ్మయ్య అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, కూతురు అక్కడ గోడకానుకుని ఫోను వంక చూస్తూ కూర్చుని ఉంటుంది, తనేమో విషం పూసిన గ్లౌజులు అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నాడు. గ్లౌజులు దొరకనప్పుడు నవ్వు అడ్డం పెట్టుకున్నాడు, నవ్వు కుదరనప్పుడు అక్కని.

ఆ నవ్వు ఇక్కడే, ఈ గట్టు మీదే. నాలుగు మూలలా పసుపు పూసిన కూతురి పెళ్లి శుభలేఖ ఇస్తే మేడమ్ కళ్లకద్దుకుని చదివి, అబ్బాయి మీ అక్కగారి కొడుకా అన్నారు, అవునండి, సొంత అక్క, నన్ను పెంచిందండి అన్నాడు ఉబ్బిపోతూ. ఆవిడ చేతిలో ఉన్న కాగితం సంచి వెనకాల నాలుగు గళ్లు గీశారు, తల్లి నుంచి ఏది, తండ్రి నుంచి ఏది వస్తుందో లెక్కగట్టే ఆ గళ్లు తను వందసార్లు చూసినవే, ఒక గడిలో సున్నా చుట్టి, గురునాథరావుగారూ, మీ ఇంట్లో చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నాడు. తమ్ముడు. అమ్మది కూడా మేనరికమే, సొంత మేనమామనే చేసుకుంది. ఆ తమ్ముడికి ఆరో నెలకీ మెడ నిలవలేదు, తొమ్మిదో నెల రాకుండా పోయాడు, నాయనమ్మ బాలారిష్టమంది, తాయెత్తు కట్టింది, అక్క ఒళ్లో ఆ పిల్లాడి తల పక్కకి వాలిపోవడం తన కళ్లతో చూశాడు. అదంతా ఒక్క క్షణంలో గుర్తొచ్చింది, రాలేదని అబద్ధమాడితే ఈ నేల మింగుతుంది. గుర్తొచ్చీ, నవ్వాడు. "మొక్కకీ మనిషికీ పోలికేటండి మేడమ్" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఒక డాక్టరు పేరు, అడ్రసు చీటీ మీద రాసిచ్చి, పిల్లా పిల్లాడూ ఇద్దరూ ఒకసారి రక్తం ఇస్తే చాలు, పెళ్లి ఆపమని కాదు, తెలిసుంటే మంచిదని అన్నారు. చీటీ మడిచి పొలం పుస్తకంలో పెట్టాడు. ఆ పుస్తకం ఇప్పటికీ షెడ్డులో మూడో అరలో ఉంది, చీటీ కూడా అందులోనే ఉంది, మొన్న కూడా చూశాడు.

చెబుదామనే వెళ్లాడు అక్క ఇంటికి. దేవుడి మీద ఒట్టు, చెబుదామనే. అక్క సూర్యకాంతమ్మ వరండాలో పెళ్లికి పప్పులు బాగుచేస్తోంది, తనని చూడగానే చేట పక్కన పెట్టి, రారా తమ్ముడూ అని నులకమంచం వాల్చింది. అమ్మ పోయినప్పుడు తనకి ఆరేళ్లు, అక్కకి పన్నెండు, గంజిలో అన్నం తనకి దేవి పెట్టి ఒట్టి నీళ్లు తాగిన మనిషి. ఆవిడతో ఏమని చెప్పాలి. నీ కొడుకు రక్తం పరీక్ష చేయించు అంటే నీ రక్తం మీద నాకు అనుమానమని కదా. అది ఎవరి రక్తం, తన రక్తమే కదా. బయటివాళ్లు అడిగితే ఓర్చుకోవచ్చు, సొంత తమ్ముడు అడిగితే ఎలా ఓర్చుకుంటుంది ఆ మనిషి. కాఫీ తాగి, భజంత్రీల సంగతి మాట్లాడి వచ్చేశాడు. దారిలో అనుకున్నాడు, మేనరికాలు చేసుకున్నవాళ్లు ఊరి నిండా ఉన్నారు, అందరి పిల్లలూ గుండ్రాయిల్లా ఉన్నారు, మనకే అవుతుందా ఏటి అని. నాలుగింట మూడు పచ్చవే కదా అని. అన్నేళ్లు తెల్ల మొలకలు లెక్కపెట్టినవాడు అనుకోవలసిన మాటేనా అది. ఒరేయ్ గురునాథం, నీ మడిలో ఆ నాలుగోది ఏనాడైనా రాకుండా మానిందా.

కుదపడం మరిచిపోయాడు. పది గంటలా పన్నెండు నిమిషాలు. గబగబా కుదిపాడు.

హిమబిందు తొలి బిడ్డ చంటి, మూడో నెల వరకూ బాగానే ఉంది. బారసాల నాడు పెట్టిన పేరు పెద్దదే, ఎవరూ పిలవలేదు, అందరికీ చంటే. కళ్లు, అబ్బ, ఏం కళ్లవి, మనిషి ఎటు కదిలితే అటు తిరిగేవి, ఫ్యాను చూసేది, కాకిని చూసేది, కంచరపాలెం గేటు దాటి రైలు పోతుంటే చప్పుడు వచ్చిన వైపు చూసేది, తాత మీసం చూస్తే నోరంతా తెరిచి నవ్వేది. చేతులు మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉండేవి. అక్క రోజూ నువ్వులనూనె మర్దనా చేసి, నిలుస్తాదిలే మెడ, కొందరికి లేటు అనేది. నాలుగో నెలలో ఒక ఆదివారం చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి ఉన్న పిల్ల దగ్గరికి వెళ్లి వంగి చూశాడు, పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ఛాతీ కదలడం లేదు, కళ్లు మాత్రం తన మీసం మీద ఉన్నాయి, నవ్వింది. ఆ క్షణాన తెలిసిపోయింది. డాక్టర్లకంటే ముందు, తల్లికంటే ముందు తనకే తెలిసింది. తెలిసీ ఇంకో నెల నోరు విప్పలేదు. చెప్పితే ఆ నవ్వు ఆగిపోతుందేమోనన్నంత పిచ్చి. తర్వాత ఆసుపత్రులు, ముక్కులో గొట్టాలు, కండరాల్లో సత్తువ చచ్చిపోయే ఆ జబ్బు మూడక్షరాల ఇంగ్లీషు పేరు, మందుంది కానీ అది మనబోటి వాళ్లు కలలో కూడా అడగలేనిదని డాక్టరు తలొంచుకుని చెప్పడం. ఎనిమిదో నెల పదిహేనో రోజు పొద్దున్న పాలు మింగలేదు. హిమబిందు ఒళ్లోంచి తీసుకోవడానికి నలుగురు పట్టారు.

పదకొండో రోజు పరామర్శకి వచ్చారు మేడమ్. ఆవిడ తప్పేం లేదు, ఏడుస్తూ, చేతులు పట్టుకుని, నేను అప్పుడే ఇంకా గట్టిగా చెప్పాల్సింది గురునాథరావుగారూ, చీటీ ఇచ్చి ఊరుకున్నాను అన్నారు. గుమ్మం వెనకాల హిమబిందు ఉంది. బయటికి వచ్చి, ఏ చీటీ అని అడిగింది. తను తలొంచుకున్నాడు. పిల్ల అరవలేదు, ఏడవలేదు. "నీ పొలంలో అయితే తెలుసు కదేటి నాన్నా" అంది, అంతే, లోపలికి పోయింది, పద్నాలుగు నెలలు. ఆ ఒక్క మాట రోజూ వినిపిస్తుంది, బస్సులో, అన్నం దగ్గర, ఇదిగో ఈ సీసా కుదుపుతుంటే. తెలుసు తల్లీ. తెలుసు. పుస్తకం నిండా రాసుకున్నాను, ఏ వరసలో ఎన్ని తెల్లవి, ఎన్ని పచ్చవి, తేదీతో సహా.

హిమబిందుకి మళ్లీ నెల తప్పిందని నారాయణమ్మ చెప్పినప్పుడు సంతోషించే అర్హత కూడా లేదనిపించి పెరట్లోకి పోయాడు. ఈసారి వాళ్లే మొదట డాక్టరు దగ్గరికి వెళ్లారు, మూడో నెలలో కడుపులోంచి సూదితో కాస్త తీసి పరీక్షకి పంపారు. మూడు వారాలు ఆగమన్నారు. రక్తం ఇవ్వమంటే తనూ ఇచ్చాడు, అక్కా ఇచ్చింది. ఇద్దరికీ ఒకటి, ఒకటి. అక్క ఆ కాగితం పట్టుకుని, ఇదేటి తమ్ముడూ అని అడిగితే, అమ్మ ఇచ్చిందే అక్కా అన్నాడు. 

పదీ ఇరవై అయిదు. టైమైంది.

లేచి బకెట్టులో ఉన్న విరుగుడు నీళ్లలో చేతులు ముంచాడు, గ్లౌజులు తిరగేసి లాగాడు, సబ్బుతో రెండుసార్లు కడిగాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఇంకేమీ మిగల్లేదు. ఫోను తీశాడు. నాలుగు పేజీలు, మూడో పేజీలో ఉంటుంది, వేలితో పెద్దది చేశాడు, గళ్లు, గళ్లలో అంకెలు, ఆ గళ్లలో తన కళ్లు ఎప్పుడూ దారి తప్పలేదు. తల్లి, ఒకటి. తండ్రి, ఒకటి. కింద గడి. చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. పేరు సరిపోయింది, తేదీ సరిపోయింది.

పీచు తెరిచి ఎదురుచూస్తున్న కండెలు ముప్పై రెండు, గట్టు మీద సీసా, ఇప్పుడు పూయకపోతే ఈ ఏడు పంట పోయినట్టే, ఒక్క పది నిమిషాలు, పూసేసి ఫోను చేస్తే ఏం పోతుంది అని లోపల ఎవడో అన్నాడు, నవ్వినవాడే, కాఫీ తాగి వచ్చినవాడే. గురునాథరావు సీసాని గట్టు మీదే వదిలేసి ఫోను చేశాడు. మొదటి రింగు పూర్తి కాకుండానే ఎత్తింది.  ఊపిరి వినిపిస్తోంది, వెనకాల రైలు పోతున్న చప్పుడు.

"సున్నా అమ్మా" అన్నాడు.

రైలు చప్పుడు సన్నగిల్లింది. "నువ్వే సూసినావా?"

"నానే సూసినాను. రెండుసార్లు సూసినాను."

 అటువైపు ఏడుపు లేదు, అందుకే భయం వేసింది. పిల్ల ఎప్పుడు మాట్లాడినా గొంతు తల్లిది, ఇవాళ మాత్రం అక్కలాగా, అమ్మలాగా, ఆ ఇంటి ఆడవాళ్లందరిలాగా వినిపించింది. "నాన్నా, ఆ తెల్ల మొలకలు, నువ్వు పీకీసీవోడివా, ఉంచీవోడివా?"

మొక్కకీ మనిషికీ పోలికేటమ్మా అన్న మాట నాలుక చివరికి వచ్చింది, ఎన్నేళ్లయినా ఆ మాట అక్కడే కాచుకుని ఉంది. మింగేశాడు. 

"మొదటేడు పీకీసినాను తల్లీ. తర్వాతెప్పుడూ పీకలేకపోనాను. అవి పోయీవరకూ నీలు పోసినాను."

"ఏది బాగుంది?"

"ఏదీ బాగోలేదమ్మా."

అప్పుడు ఏడ్చింది. పద్నాలుగు నెలల కింద ఏడవాల్సింది కూడా కలిపి ఏడ్చింది. ఏం చేయాలో తోచక, ఇంక నీ మొగుడితో మాట్లాడుకో తల్లీ, నాను ఇప్పుడే బస్సెక్కుతాను అని ఫోను దించబోయాడు.

"ఫోను పెట్టీకు నాన్నా" అంది. "మాట్టాడకపోయినా పర్లేదు. పెట్టీకు."

పెట్టలేదు. చెవికి ఆనించుకుని గట్టు మీద నిలబడ్డాడు, కళ్ల నీళ్లు మీసంలోకి దిగుతున్నాయి, తుడుచుకోలేదు. అవతల వరసలోంచి కుసుమకుమారి మేడమ్ వచ్చి, ముఖం చూసి, కొత్త గ్లౌజులు తొడుక్కుని గట్టు మీది సీసా అందుకున్నారు. ఒకసారి కుదిపి, బ్రష్షు ముంచి, మొదటి కండె సంచి తీశారు.